ఆదివారపు దాక

మొన్న శనివారం ఉదయం కూరగాయల బండి దగ్గర నేనొక అపచారం చేశాను. దోసకాయలు బేరమాడి, బండివాని చాకు అడిగి పుచ్చుకొని, ఒక కాయకు తొడిమ వైపున పలుచని చెక్క కోసి, నడివీధిలో నలుగురు చూస్తుండగా నోట వేసుకొన్నాను. నొసట విభూతి, భుజాన ఉత్తరీయం, డెబ్బైయారేళ్ళ వయస్సు గల మనిషి చేయదగిన పని కాదది.

“ఏంది తాతా, కోసి ఎంగిలి చేస్తే మిగతాది ఎవురు కొంటారు?” అన్నాడు బండివాడు.

“నేనే కొంటాను. చేదు చూస్తున్నాను.”

“కారంపూడి కాయ తాతా. చేదుంటే ఈ బండి నీకు రాసిస్తా.”

“ఆ మాట కాయ చెప్పాల, నువ్వు కాదు” అన్నాను.

అన్న తరువాత నాకే విస్మయం కలిగింది. ఆ మాట నాది కాదు. ఆ యాస అంతకన్నా నాది కాదు. తొడిమ వైపునే కోయడం, నోట వేసుకొని కళ్ళు మూయడం, మనసులో ఐదు లెక్కపెట్టడం, ఇవన్నీ మా ప్రక్కింటి డ్రిల్లు మాస్టారి పద్ధతులు. ఆయన గతించి ఎనిమిది నెలలైంది. మనిషి పోయిన తరువాత వస్తువులు ఎవరికి చెందుతాయో బంధువులు తేల్చుకొంటారు. చేష్టలు ఎవరి ఒంట చిక్కుకొని మిగులుతాయో మాత్రం ఎవరూ తేల్చలేరు.

ఆయన పేరు వ్రాయను. వ్రాసినా నరసరావుపేటలో మా వీధివారికి ఎవరిని గురించో తెలియదు. పెన్షను కాగితాల మీద తప్ప ఆ పేరుకు వాడుక లేదు. చిన్నవారికీ పెద్దవారికీ, చివరకు ఇంటి ఇల్లాలికీ ఆయన డ్రిల్లు మాస్టారే.

మేమిద్దరం ఒకే ఉన్నత పాఠశాలలో పందొమ్మిదేళ్ళు పనిచేశాము. నాది తెలుగు, ఆయనది మైదానం. నా తరగతి కిటికీ ఆ మైదానం వైపుకే తెరచుకొనేది. నేను ఒక పద్యాన్ని అన్వయించి, సమాసం విప్పి, పిల్లల ముఖాలలో అర్థం ఉదయించబోతున్నదని ఆశపడే క్షణాన ఆయన విజిల్ మ్రోగేది. నలభై తలలు ఒక్కసారిగా కిటికీ వైపు తిరిగేవి. ఒకనాడు వెళ్ళి నిలదీశాను.

“పద్యం యాడికి పోద్ది పంతులుగారూ, పుస్తకంలోనే ఉంటది. ఎండెక్కితే ఆట పోద్ది” అన్నారు.

తర్కశాస్త్రం కొంత చదివినవాడనే. ఆ వాదానికి ఖండన ఇప్పటికీ దొరకలేదు.

ఉద్యోగ విరమణ తరువాత విధి మమ్మల్ని ప్రక్క ప్రక్క ఇళ్ళలో కూర్చోబెట్టింది. రెండు పెరళ్ళకు నడుమ రొమ్మెత్తు గోడ. ఆ గోడకు ఆవలి వైపున ఆయన మూడు ఇటుకలతో ఒక పొయ్యి పేర్చుకొన్నారు. వారంలో ఆరు రోజులు ఆ పొయ్యిలో పిల్లి పడుకొనేది. ఏడవనాడు దానిమీదికి ఒక మట్టిదాక ఎక్కేది.

ఆయన శ్రీమతి ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి విరమించిన ఇల్లాలు. నన్ను అన్నయ్యగారూ అంటుంది. నేను చెల్లెమ్మా అంటాను. ఆమె వంటలో ఉప్పు, మందు మోతాదులో పడుతుంది. ఎక్కువా కాదు, తక్కువా కాదు, ఏనాడూ ఆనందమూ కాదు. ఈ మాట నాది కాదు, ఆయనది. అందుచేత ఆదివారం వంట ఆయన తన హక్కుగా సాధించుకొన్నారు.

“ఆరు దినాలు నీ రాజ్యం, ఏడో దినం నాది. దేవుడంతటోడే ఏడో దినాన రెస్టు తీసుకున్నాడు, నువ్వెంత” అనేవారు ఆమెతో.

“ఆయన రెస్టు తీసుకున్నాక గిన్నెలు ఎవురు తోమారో బైబిల్లో రాయలేదు” అనేది ఆమె.

ఆ దాకలో వండే పదార్థానికి పేరు లేదు. వేటమాంసం, దోసకాయ, మునక్కాయ, వంకాయ, ఉల్లి, చారెడు శనగపప్పు, అన్నీ ఆ ఒక్క దాకలోనే కలిసి ఉడకవలసినవే. ఆమె దానిని గుంపుకూర అనేది. ఆయన అసెంబ్లీ అనేవారు. అనడమే కాదు, నిజంగానే అసెంబ్లీ జరిపేవారు. చెక్కపీట మీద కూరగాయలను ఎత్తు వారీగా నిలబెట్టేవారు. మునక్కాయ వెనుక వరుసలో, వంకాయ ముందు వరుసలో. మెడలో విజిల్ ఉండవలసిందే. ఉల్లి వేగగానే ఒక ఊదు, మాంసానికి ప్రవేశం. మాంసం సగం ఉడికిన తరువాత రెండవ ఊదు, మునక్కాయలకు ప్రవేశం. దొర్లిపోయే వంకాయను చూసి, “లైన్లో నిలబడలేవా? నీలాంటోళ్ళని నలభయ్యేళ్ళు చూశా” అనేవారు.

దాక మీద మూకుడు బోర్లించక, వెల్లకిలా పెట్టి దానినిండా నీళ్ళు పోసేవారు. లోపలి ఆవిరికి ఆ నీళ్ళు కాగేవి. కూరలో నీరు తగ్గినప్పుడు ఆ కాగిన నీళ్ళే వంచాలి. చన్నీళ్ళు చుక్క పడరాదు.

“చన్నీళ్ళు పోస్తే మాంసం అలుగుద్ది పంతులుగారూ. అలిగిన మాంసం పెళ్ళాం మాదిరి కాదు, సాయంత్రానికి మెత్తబడదు.”

అలిగిన మాంసమెట్టిదో నాకు అనుభవం లేదు. జన్మతః శాకాహారిని. ఆ దాకలోని ప్రధాన ద్రవ్యం నాకు వర్జ్యం. అయితే ముక్కుకు నిషేధం విధించిన స్మృతి ఏదీ నా కంటబడలేదు. ఆదివారం మధ్యాహ్న సంధ్యకు నేను పెరటి వసారాలో కూర్చొనే వేళకు సరిగా ఆ ధనియాలు, ఆ లవంగం, ఆ దోసకాయ పులుపు గోడ దాటి వచ్చేవి. వ్రేళ్ళ కణుపుల మీద గాయత్రి లెక్కిస్తూ ఎక్కడో ఇరవైలలో దారి తప్పేవాణ్ణి. ఆ పొయ్యి వెలిగిన ఏ ఆదివారమూ నా జపసంఖ్య సరిగా తేలలేదు.

“తలుపు వేయనా?” అని అడిగేది మా ఆవిడ.

“వద్దు. గాలి ఆడదు” అనేవాణ్ణి.

కరోనా వచ్చినప్పుడు ఆయనకూ సోకింది. పదునాలుగు రోజులలో లేచి తిరిగారు. పొయ్యి మళ్ళీ వెలిగింది. మూడు నెలల తరువాత ఒకనాడు గోడ దగ్గరకు వచ్చి, వెనుకా ముందూ చూసి, గొంతు తగ్గించారు.

“పంతులుగారూ, ఒక మాట. మా ఇంటావిడకి చెప్పనంటే చెప్తా.”

“చెప్పను.”

“నాకు నాలిక పోయింది.”

నేను ఆయన నోటి వైపు చూశాను. “ఉన్నది గదా.”

“మాట్లాడటానికి ఉంది, తినటానికి లేదు. ముక్కూ అంతే. కారం ఒక్కటే తెలుసుద్ది. అది రుచి కాదుగా, దెబ్బ.”

“చెల్లెమ్మ నర్సు గదా, ఆమెతో చెబితే మందో మాకో ఇస్తుంది.”

“మందు కాదు, డిశ్చార్జి ఇస్తది. మొన్న పాలు పొంగి మాడిపోతా ఉంటే పక్కనే కూచుని పేపరు చదివా. వాసన తెలవని మనిషిని నిప్పు దగ్గర ఉంచను, ఆ దాక అటక మీద పెడతానంది. ముక్కు ఎప్పుడో తిరిగొచ్చిందని అబద్ధమాడా.”

“నమ్మినదా?”

“నర్సు నమ్ముద్దా? కళ్ళు మూసుకోమని ఏదో సీసా ముక్కు దగ్గర పెట్టింది. ఫినాయిలన్నా. కరెక్టే.”

“వాసన తెలియనివారు ఎట్లా చెప్పగలిగారు?”

“ఆ సీసా మూత తిప్పితే కీచుమంటది” అన్నారు, పిల్లవాడు పరీక్షలో చూచివ్రాసి నెగ్గినంత సంతోషంతో.

తరువాత అసలు విషయానికి వచ్చారు. ఉప్పుకు కొలత ఉన్నది, కారానికి కొలత ఉన్నది. మాంసం ఉడికిందో లేదో వేలు చెబుతుంది. దోసకాయ ఒక్కటే ఏ కొలతకూ లొంగదు. “దాని మొహాన చేదని రాసుండదు పంతులుగారూ. ఒక్క చేదుకాయ పడిందంటే కిలో మాంసం కుడితిలో పొయ్యాల. ఆ ఒక్కదానికి నాకు మీ నాలిక కావాల.”

“ఆ దాకకు నా నాలుకా?”

“దాకకి కాదు, దోసకాయకి. అది శాకాహారమే గదా.”

ఇది రెండవ ఖండన లేని వాదం. నేను కొన్ని నియమాలు పెట్టి ఒప్పుకొన్నాను. ఆయన మాంసం దుకాణానికి వెళ్ళకముందే ఆ పని జరగాలి. చాకు నాదై ఉండాలి. కాయ కడగాలి, చేతులు కడగాలి. గోడలో ఒక ఇటుక ఊడి, ఆవలికి కనబడే గూడు ఉన్నది. మా చిన్న చాకు అందులో కాపురం పెట్టింది. ప్రతి ఆదివారం తెల్లవారిన తరువాత, మా ఆవిడ పూజకు పూలు కోయడానికి ముందు వైపుకు వెళ్ళిన సమయం చూసి, ఆయన బాదం ఆకులో ఒక చెక్క పెట్టి గోడ మీదుగా అందించేవారు. నేను నోట వేసుకొని కళ్ళు మూసేవాణ్ణి.

“గమ్మున మింగబాకండి. ఐదు లెక్కపెట్టండి. చేదు ఆలస్యంగా వచ్చుద్ది, డ్రిల్లు పిరియడ్‌కి మీ క్లాసు పిల్లకాయల్లాగా.”

ఐదు లెక్కపెట్టి “చేదు లేదు” అనేవాణ్ణి. అప్పుడప్పుడు “చేదు” అనేవాణ్ణి. అంతవరకు ఆయన రెండు చేతులు ప్రక్కలకు చేర్చి, నిటారుగా నిలబడి తీర్పు వినేవారు. ముప్పైయారేళ్ళు పద్యాలకు తాత్పర్యం చెప్పిన నా నాలుకకు అంతటి శ్రద్ధగల శ్రోత ఎన్నడూ దొరకలేదు. రెండేళ్ళు ఇట్లా గడిచాయి. మాకు ఒక్క దోసకాయ ద్రోహం చేయలేదు. చేసినది నేను.

ఆనాడు ఆదివారం, తొలి ఏకాదశి. ఏకాదశి ఉపవాసాలు నాకు ఆనాటి నుండే ఆరంభం, పండూ పాలూ కూడా ముట్టరాదని నియమం. ఆ మొదటిదానికి నీరు సైతం విడిచి ఉండగలనని ముందునాడే ఆయన దగ్గర కొంత ఆత్మస్తుతి చేసుకొన్నాను.

“నీళ్ళు కూడానా? ఈస్టరుకి ముందు మా శ్రమదినాల్లో మేమూ ఉపాసముంటాం పంతులుగారూ, కాకపోతే సాయంత్రానికి తింటాం” అని ఆయన నన్ను ఎంతో గౌరవంగా చూశారు. ఆ చూపే నన్ను చెరిచింది.

మరునాడు ఉదయం బాదం ఆకు గోడ మీదికి వచ్చేవరకు మా ఇద్దరికీ ఆ చిక్కు తట్టలేదు. ఆయనకు అప్పుడూ తట్టలేదు. చర్చికి కొత్తగా వచ్చిన పాస్టరుగారు భార్యాసమేతంగా మధ్యాహ్నం భోజనానికి వస్తున్నారు. ఆ హడావుడిలో ఉన్నారు.

“తొందరగా చెప్పండి. మాంసం కాడ జనం పెరుగుతారు.”

ఏకాదశి అని ఒక్క మాట అంటే సరిపోయేది. కాని అతిథులు వచ్చే రోజున ఆయన దాకలో దోసకాయ లేకుండా పోతుంది. తింటే వ్రతం పోతుంది. నిన్నటి గౌరవమూ పోతుంది. నేను మూడవ మార్గం కనిపెట్టాను. గోడ అవతల ఉన్న కాయను నఖశిఖపర్యంతం పరిశీలించాను. గుండ్రని ఆకృతి, బంగారు ఛాయ, చక్కని చారలు, పగులు లేని చర్మం. సకల శుభలక్షణాలు గల ఇటువంటి కాయలో దోషముండదని నా చదువు నాకు చెప్పింది. చెక్కను నోటి దాకా తీసుకుపోయి ఉత్తరీయపు మడతలో జారవిడిచి, కళ్ళు మూసి, ఐదు లెక్కపెట్టి, “అమృతం” అన్నాను.

చేదు లేదు అనవలసినది. అబద్ధానికి అలంకారాల మీద మోజు ఎక్కువ.

ఆయన ముఖం వికసించింది. “అమృతమే? అయితే ఇంకో రెండు కాయలు ఇదే పాదువి ఉన్నాయి, అవీ ఏసేస్తా” అని వెళ్ళిపోయారు.

మధ్యాహ్నం వారి పెరటిలో జామచెట్టు నీడన బల్ల వేశారు. నేను మా వసారాలో పుస్తకం తెరచి, ఉపవాసపు నీరసంతో కూర్చొన్నాను. కూర్చొన్నవాని చూపుకు గోడ అడ్డమే గాని మాటకు అడ్డం కాదు. పాస్టరుగారు యువకుడు, మర్యాదస్థుడు. భోజనానికి ముందు దీర్ఘంగా ప్రార్థన చేసి, వడ్డించిన పదార్థాలకై దేవునికి కృతజ్ఞత తెలిపారు. ఆ తరువాత మొదటి ముద్ద తిన్నారు. కృతజ్ఞతను వెనుకకు తీసుకొనే పద్ధతి వారి ప్రార్థనలలో లేదనుకొంటాను.

“మాస్టారూ, ఇందులో కాకరకాయ కూడా వేశారాండీ?”

“కాకరకాయా? లేదే. దోసకాయ. వెన్న. వేసుకోండి, వేసుకోండి.”

“మంచినీళ్ళు ఇస్తారా అండీ?” ఇది పాస్టరుగారి భార్య గొంతు. కొంతసేపటికి మళ్ళీ, “రసం ఏమైనా ఉందా అండీ?”

“మాంసం ఉండగా రసమేందమ్మా?”

పుస్తకంలో అక్షరాలు నాకు కనబడటం మానేశాయి. లేచి వెళ్ళి, తల కనబడకుండా వంగి, గోడ గూడులోనుండి తొంగి చూశాను. చెల్లెమ్మ అప్పుడే మొదటి ముద్ద నోట పెట్టుకొన్నది. నమలడం ఆపింది. భర్త వైపు చూసింది. ఆయన మునక్కాయను ఒక వైపుకు నెట్టి, దోసకాయ ముక్కలను ఆప్యాయంగా కలుపుకొంటున్నారు.

“ఏమండీ, ఎట్టా ఉంది?”

“చానా బాగుంది. ఈ ఏడాదిలో ఇంత కుదిరింది లేదు.”

“ఇంకొంచెం వెయ్యనా?”

“వెయ్యి.”

“దోసకాయ ముక్కలు?”

“అయ్యే వెయ్యి.”

ఆమె గరిటెతో దోసకాయ ముక్కలు మాత్రమే ఏరి, ఒక్కొక్కటి ఆయన పళ్ళెంలో వేసింది. ఆయన ఒక్కొక్కటి తిన్నారు. ఆ ముఖంలో తృప్తి తప్ప మరొకటి లేదు. ఈసారి పరీక్షకు మూత చప్పుడు లేదు.

అతిథులు వెళ్ళిన తరువాత ఆమె పళ్ళేలు తీయలేదు. “ఎన్నాళ్ళ నుంచి?” అని మాత్రం అడిగింది.

“ఏంది?”

“నాలిక.”

ఆయన పళ్ళెం ప్రక్కకు జరిపారు. తరువాత, “కరోనా కాడి నుంచి” అన్నారు.

“మరి ఇన్నాళ్ళూ దోసకాయలు ఎవురు చూశారు?”

గోడ ఇవతల నేను గూడు దగ్గరనుండి తల ప్రక్కకు తీశాను.

“ఎవురు చూస్తారు? దేవుడు చూశాడు. ఇవాళ చూడలేదు” అన్నారు ఆయన.

మరునాడు ద్వాదశి పారణలో ఉత్తరీయపు మడతలో వడలిన ఆ చెక్కనే మొదట నోట వేసుకొన్నాను. దాని ముందు వేపాకు పాయసం.

దాక అటకెక్కింది. రెండు ఆదివారాలు గోడ అవతల పొగ లేదు, విజిల్ లేదు. పిల్లి మాత్రం పొయ్యిలోనుండి లేవనక్కరలేక సుఖంగా ఉన్నది. ఆ రెండు ఆదివారాలూ నా జపసంఖ్య ఒక్కటి కూడా తప్పకుండా సరిపోయింది. అంత నిష్ఫలమైన జపం నేనెన్నడూ చేయలేదు.

రెండవ ఆదివారం సాయంత్రం ఆయన గోడ దగ్గర నిలబడి ఉన్నారు. మెడ బోసిగా ఉన్నది.

“ఆనాడు నేను…” అని మొదలుపెట్టాను.

“తెలుసు.”

“ఎట్లా తెలుసు?”

“అమృతం అన్నారుగా. మంచి పద్యానికే మీరు అట్టా అనరు. పొద్దున సంతోషంలో తెలవలేదు, మధ్యాన్నానికి తెలిసింది.”

“మరి చెల్లెమ్మతో నా పేరు ఎందుకు చెప్పలేదు?”

“చెప్పొద్దని మాట తీసుకుంది నేను. నేనే చెప్తే ఎట్టా? మీకు మీ ఇంట్లో పరువుంది. నాదెట్టాగూ అటకెక్కింది.”

ఆ మాట వారమంతా నన్ను నిద్రపోనీయలేదంటే అతిశయోక్తి, నిద్రపోయాను. కాని అన్నం మాత్రం రుచించలేదు. మూడవ ఆదివారం వారు చర్చినుండి రాగానే మా ఆవిడను వెంటబెట్టుకొని వారి ఇంటికి వెళ్ళాను. ఎక్కడికని ఆమె అడిగితే, ఒక అపరాధం విన్నవించుకోవాలని చెప్పాను. ఏ పుస్తకమో పోగొట్టుకొన్నాననుకొన్నది.

నిలబడే చెప్పాను. “చెల్లెమ్మా, రెండేళ్ళుగా మీ దాకలో పడిన ప్రతి దోసకాయనూ నేను రుచి చూశాను. ఆ ఒక్కదానిని చూడలేదు. చూశానని చెప్పాను. ఆ రోజు ఏకాదశి.”

మొదట మాటాడినది మా ఆవిడ. “రెండేళ్ళుగానా? అంటే ఆదివారాలు ఎంగిలి నోటితో సంధ్య వార్చారన్నమాట.”

“అవును” అన్నాను. ఇంటికి వెళ్ళిన తరువాత ఆ విషయం సవిస్తరంగా చర్చకు వచ్చింది. దానిని ఇక్కడ వ్రాయను.

చెల్లెమ్మ రోగి చరిత్ర అడిగినట్లు అడిగింది. “పచ్చిదేనా? కడిగేవాళ్ళా? చాకు ఎవరిది?” అన్నింటికీ సమాధానం చెప్పాను. “అయితే ఈయనకి ముక్కు లేదు, మీకు ధైర్యం లేదు. ఇద్దరూ కలిసి నా వంటింట్లో రెండేళ్ళు…”

“పెరట్లో” అని సవరించారు ఆయన.

“మీరు గమ్మునుండండి.”

“అమ్మా, తప్పు నాలుకది. శిక్ష చేతికి పడింది. ఆ దాక లేక ఆయన ఆదివారం కూడా సోమవారంలా నడుస్తున్నారు” అన్నాను.

“అన్నయ్యగారూ, నేను కాలినోళ్ళ వార్డులో పదకొండేళ్ళు చేశా. పొయ్యి కాడ పంచె అంటుకున్న ముసలాయన్ని పక్క గదిలోవాళ్ళు వాసన పట్టి కాపాడారు. ఈయనకి తన పంచె కాలినా తెలవదు. కూర చేదైందని నేను దాక తియ్యలేదు.”

ఆయన తన పంచె అంచు వైపు చూసుకొన్నారు. రెండేళ్ళ పాటు ఆ అంచు నిప్పుకు జానెడు దూరంలో తిరిగిందన్న సంగతి నాకూ అప్పుడే తట్టింది.

చివరకు ఆమే లేచింది. “దాక దించుతా. నాలిక అన్నయ్యగారిది, చెయ్యి మీది, ముక్కు నాది. పొయ్యి వెలిగించిన కాడి నుంచి ఆర్పిందాకా స్టూలేసుకుని పక్కనే కూచుంటా.”

“నా రాజ్యంలో నర్సు డ్యూటీనా?”

“ఇష్టం లేకపోతే అటక ఉంది.”

ఆయన లోపలికి వెళ్ళి విజిల్ తగిలించుకొని వచ్చారు.

ఆ తరువాతి ఆదివారాలే నాకు ఎక్కువగా గుర్తు. పొయ్యి ముందు ఆయన, ప్రక్కన స్టూలు మీద ఆమె. మొదట్లో ఆయన చిరాకుపడేవారు.

“వాసనొస్తందా?”

“వస్తంది.”

“ఎట్టా ఉంది?”

“మీకెందుకు, కలపండి.”

కొన్ని వారాలకు ఆమె అడగకుండానే చెప్పసాగింది. “ఉల్లి ఎర్రబడింది. ఇప్పుడు అల్లం. ఇప్పుడు ధనియాలు లేచినయి. లవంగం కొంచెం ఎక్కువైంది.” ఆయన గరిటె పట్టుకొని, కళ్ళు మూసుకొని, రేడియోలో క్రికెట్ వింటున్నవానివలె వినేవారు. మధ్యమధ్య, “ధనియాలు ఇంకా ఉన్నయ్యా, పోయినయ్యా?” అని అడిగేవారు. “ఉన్నయ్” అనేది ఆమె. మొత్తం కూర ఆమె మాటల్లోనే ఆయనకు ఉడికేది. నా జపం మళ్ళీ ఇరవైలలో తప్పిపోయేది.

శీతకాలంలో ఒక మంగళవారం ఆయన గుండె ఆగింది. ఆసుపత్రికి తీసుకుపోయే వ్యవధి కూడా ఇవ్వలేదు. ఆ ఆదివారం పొయ్యి వెలగలేదు. తరువాత ఎనిమిది నెలలు వెలగలేదు. గూడులో మా చాకు తుప్పు పట్టింది.

బండి దగ్గర నేను ఎంగిలిపడినది శనివారం అన్నాను గదా. మరునాడు ఆదివారం ఉదయం పెరటిలోకి వచ్చేసరికి గోడ అవతల మట్టిదాక కడుగుతున్న చప్పుడు వినబడింది. కాసేపటికి చెల్లెమ్మ గోడ దగ్గరకు వచ్చింది. చేతిలో బాదం ఆకు, అందులో ఒక చెక్క. తుప్పు తోమిన మా చాకు రెండవ చేతిలో ఉన్నది.

“ముక్కు ఒక్కటే మిగిలింది అన్నయ్యగారూ. దాంతోటే వండి చూద్దామని. నాలిక ఉందా?”

“ఉన్నదమ్మా.”

వెనుకనుండి మా ఆవిడ గొంతు వినిపించింది. పూలబుట్ట పట్టుకొని గుమ్మంలో నిలబడి ఉన్నది. “ఇవాళ ఏకాదశి” అన్నది.

“తెలుసు” అన్నాను.

చెక్క నోట వేసుకొన్నాను. కళ్ళు మూసుకొని, తొందరపడక ఐదు లెక్కపెట్టాను. మూడు వరకు ఏమీ లేదు. నాలుగు దగ్గర నాలుక మొదట సన్నగా మొదలై, ఐదుకు గొంతుదాకా ప్రాకింది.

“ఇది వద్దు. చేదు” అన్నాను.

ఆమె ఆ కాయను ప్రక్కన పారవేసి, ఇంకొకటి కడిగి, తొడిమ వైపున కోసి అందించింది. అదీ నోట వేసుకొన్నాను. ఆమె తనకు తెలియకుండానే రెండు చేతులూ ప్రక్కలకు చేర్చి, నిటారుగా నిలబడింది.

“చేదు లేదు” అన్నాను.

దానికి మరొక్క మాట చేర్చలేదు.